మేకకంటి మీద సున్నపు గాయం: ఆరు దశల ప్రాజెక్టు డైరీ

కంట్లో సున్నం పడితే ఎంత త్వరగా కడగాలి, దేంతో కడగాలి, ఎప్పుడు ఆపాలి? ఈ మూడు ప్రశ్నలతో హనుమకొండలోని మా డిగ్రీ కాలేజీ ల్యాబులో, మటన్ షాపు నుంచి తెచ్చిన మేక కళ్ల మీద నాలుగు నెలలు కొలిచిన లెక్కలివి. జువాలజీ ల్యాబు, ఓ మామూలు ఇంక్యుబేటరు, సెల్‌ఫోను కెమెరా ఉన్న ఏ కాలేజీలోనైనా ఇది చేయొచ్చు. మేం చేసిన తప్పులు మీరు చేయకుండా ఉంటే ఆరు వారాలు కలిసొస్తాయి. అందుకే పాడైన కళ్ల లెక్క కూడా దాచకుండా రాస్తున్నాను.

ఈ పని ఎత్తుకోవడానికి కారణం మా అక్క కొడుకు. వాడికి నాలుగేళ్లప్పుడు తమలపాకు సున్నం ట్యూబు నొక్కితే ఎగిరి కంట్లో పడింది. ముందు ఆముదం వేశారు, తర్వాత చనుబాలు పిండారు. నీళ్లు పోసేసరికి ముప్పావుగంట దాటింది. ప్రేమతో చేసినవే అన్నీ. ఆ ముప్పావుగంటలో కంట్లో ఏం జరిగిందో నాకు కళ్లారా చూడాలనిపించింది.

బతికున్న జంతువుల మీద చేయకూడదని మొదటే అనుకున్నాం. రసాయనాలు కంటికి చేసే హానిని కుందేళ్ల కళ్లలో చూసే డ్రెయిజ్ పరీక్ష 1944 నాటిది. మాకు ఆ దారి వద్దు. మాంసం కోసం ఎలాగూ కోసిన మేకల కళ్లు చాలు. ఆ సంగతి కాగితం మీద రాసి ప్రిన్సిపాల్ సంతకం తీసుకున్నాం. మీరూ తీసుకోండి.

దశ 1: కళ్లు తేవడం (1, 2 వారాలు)

మొదటి రోజు తెచ్చిన ఎనిమిది కళ్లలో ఒక్కటీ పనికిరాలేదు. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, అంటే కార్నియా, అంతా ఉడికిన గుడ్డు తెల్లసొన రంగులో ఉంది. మందు ఏదీ వేయకముందే మచ్చ! రెండు రోజులు తల పట్టుకున్నాక, షాపుకెళ్లి నిలబడి చూస్తే అర్థమైంది. తలకాయలను గ్యాస్ మంట మీద కాల్చి, వెంట్రుకలు గీకేశాకే మాకు కళ్లు తీసిస్తున్నారు. మంటకు కార్నియా ఉడికిపోయింది.

"కాల్చకముందే కావాలంటే పొద్దుగాల ఆరింటికే రావాలె మేడం, ఏడైతే పొయ్యి మీదికి పోతయి" అన్నాడు షాపాయన. ఆ రోజు నుంచి ఆరింటికే వెళ్తున్నాం.

రెండో తప్పు ఐసు. కళ్లను నేరుగా ఐసు ముక్కల మధ్య పెట్టి తెచ్చాం. ఐసు తగిలిన వైపు గడ్డకట్టి, కరిగాక పొగమంచు పట్టినట్టయింది. మూడో తప్పు సెలైన్‌లో ముంచి తేవడం. గంటన్నర నానితే పైపొర ఉబ్బి, ముట్టుకుంటే ఊడి వస్తోంది. చివరికి కుదిరిన పద్ధతి ఇది:

1. మేకను కోసిన గంటలోపు, తల కాల్చకముందే కళ్లు తీయించాలి. కత్తి మొన కార్నియా వైపు రాకుండా చుట్టూ కండతో సహా తీయమని చెప్పాలి.
2. మూతున్న చిన్న డబ్బాలో తడి గాజుగుడ్డ పరిచి, కార్నియా పైకి ఉండేలా కంటిని కూర్చోబెట్టాలి. గుడ్డ కార్నియాకు తగలకూడదు.
3. ఆ డబ్బాను థర్మోకోల్ పెట్టెలో ఐసు మీద పెట్టాలి. మధ్యలో ఒక మడత టవలు ఉండాలి.
4. మూడు గంటలలోపు పని మొదలుపెట్టాలి.
5. ల్యాబుకు రాగానే ఫ్లోరెసీన్ స్ట్రిప్‌తో రంగు వేసి, నీలం వెలుగులో చూడాలి. ఎక్కడైనా పచ్చగా మెరిస్తే అక్కడ పైపొర లేచిందన్నమాట. ఆ కన్ను పక్కన పెట్టేయాలి.

టార్చి వేసి చూసినప్పుడు మేక కంటిపాప అడ్డగీతలా కనిపిస్తుంది. దాని అంచు పదునుగా కనిపిస్తే కార్నియా స్పష్టంగా ఉన్నట్టే. మేం కొలిచిన వాటిలో కార్నియా అడ్డంగా 21 మి.మీ., నిలువుగా 15 మి.మీ. దాకా ఉంది. మనిషిది అడ్డంగా 12 మి.మీ.కి కాస్త తక్కువ. మేక కంటి మీద 6 మి.మీ. గాయం చేసినా చుట్టూ బోలెడంత ఆరోగ్యమైన పొర మిగులుతుంది. కొలతకు ఇది మంచిదే.

*ఇప్పటిదాకా: కొన్న కళ్లు 24, పనికొచ్చినవి 7. ఖర్చు: జత 40 చొప్పున 480, పెట్టె 120, గాజుగుడ్డ, సెలైన్ 110. మొత్తం ₹710.*

దశ 2: ఒకేలాంటి గాయం (3, 4 వారాలు)

ప్రతి కంటికీ ఒకే కొలత గాయం కాకపోతే ఆ తర్వాత కొలిచేదంతా వృథా. సున్నం ముద్దగా ఉంటుంది కాబట్టి మోతాదు పట్టుకోవడం కష్టం. అందుకే ముందు, సున్నంలాగే క్షారమైన సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో మొదలుపెట్టాం. క్షారాలన్నీ చేసే మొదటి పని ఒకటే: కణాల పైపొరలోని కొవ్వును సబ్బుగా మారుస్తాయి. గోడ కూలిన ఇంట్లోకి వరద వచ్చినట్టు ఆ తర్వాత లోపలికి దిగుతూనే ఉంటాయి. ఆమ్లాలు చాలావరకు మాంసకృత్తులను గడ్డకట్టించి, ఆ గడ్డనే అడ్డుగోడ చేసుకుని ఆగిపోతాయి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం మాత్రం అలా ఆగదు. ఇంట్లో, పనిచోట క్షారం ఎక్కువ ప్రమాదకరం కావడానికి మూలం ఇక్కడే ఉంది.

మొదటి ప్రయత్నంలో ఫిల్టర్ పేపరును ఆఫీసు పంచింగ్ మెషీనుతో బిళ్లలు కొట్టి, ద్రావణంలో ముంచి, చిమటాతో తీసి కంటి మీద పెట్టాం. గాయాలు ఒకటి గుండ్రంగా, ఒకటి కన్నీటి చుక్కలా, ఒకటి తెల్లగుడ్డు దాకా పాకి వచ్చాయి. తడి బిళ్లలను తూకం వేస్తే గుట్టు బయటపడింది. ఆరు బిళ్లల్లో ద్రావణం 9 నుంచి 26 మిల్లీగ్రాముల దాకా తేడాగా ఉంది. చిమటా మొనల మధ్య నిలిచిన చుక్క కూడా బిళ్లతో పాటే దిగుతోంది.

మార్చినవి, ఎందుకు మార్చామో:

1. బిళ్లలను 6 మి.మీ. బయాప్సీ పంచ్‌తో కొట్టాం. పంచింగ్ మెషీను బిళ్ల 5.5 మి.మీ.యే, పైగా అంచులు చిరిగి ఉన్నాయి.
2. పొడి బిళ్లను పారాఫిల్మ్ మీద పెట్టి మైక్రోపిపెట్‌తో సరిగ్గా 5 మైక్రోలీటర్లు వేశాం. ఆ సైజు వాట్‌మన్ ఒకటో నంబరు బిళ్ల పట్టుకునేది దాదాపు అంతే. అంతకు మించితే కారుతుంది.
3. బిళ్ల పెట్టే ముందు కార్నియా మీది తడిని టిష్యూ అంచుతో అద్ది తీశాం. తడి ఉంటే క్షారం ఆ నీటిలో పక్కలకు పాకుతుంది.
4. 30 సెకన్లు స్టాప్‌వాచ్‌తో. ఒకరు చెబితే ఇంకొకరు తీయాలి. ఒక్కరే రెండూ చేస్తే మూడు నాలుగు సెకన్లు తప్పుతోంది.
5. ద్రావణం 0.5 నార్మల్, అంటే 100 మి.లీ. నీటికి 2 గ్రాములు. ఏ రోజుకారోజు కలపాలి.

ఐదోది నేర్చుకోవడానికి ఒక వారం పోయింది. బీరువాలోని పాత సీసాలో గుళికలు అంటుకుపోయి తడిగా ఉన్నాయి. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది. 2 గ్రాములు తూచినా అందులో అసలు క్షారం ఎంతుందో తెలియదు. సోమవారం గాయం లోతుగా, శుక్రవారం తేలిగ్గా రావడానికి కారణం అదే. కొత్త సీసా తెప్పించాక గాయం వైశాల్యం 29 నుంచి 32 చదరపు మి.మీ. మధ్య నిలబడింది. బిళ్ల వైశాల్యం 28.3 కాబట్టి ఇది మాకు చాలు.

గుళికలు తూచేటప్పుడు కూడా కళ్లద్దాలు పెట్టుకోవాల్సిందే. మా ల్యాబులో అద్దాలు లేకుండా ఆ బల్ల దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు.

*ఇప్పటిదాకా: కొన్నవి 40, పనికొచ్చినవి 20. ఈ దశ ఖర్చు: కళ్లు 320, పంచ్ 250, సోడియం హైడ్రాక్సైడ్ 310, ఫిల్టర్ పేపర్ 280. మొత్తం ₹1,870.*

దశ 3: కడగడం (5, 6, 7 వారాలు)

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ముఖ్యమైన దశ ఇదే.

సెలైన్ సీసాను కంటికి మీటరు ఎత్తున వేలాడదీసి, డ్రిప్ సెట్టు చక్రం పూర్తిగా తిప్పేశాం. 500 మి.లీ. సీసా ఖాళీ కావడానికి 6 నిమిషాల 10 సెకన్లు పట్టింది. నిమిషానికి 80 మి.లీ. పైచిలుకు. ఫ్యాక్టరీల్లో కళ్లు కడగడానికి పెట్టే ఐవాష్‌కు అమెరికా ప్రమాణం నిమిషానికి లీటరున్నర, 15 నిమిషాల పాటు. మా ధార దాని ముందు చాలా సన్నం. కానీ చిన్న ఆసుపత్రిలో దొరికేది ఈ సీసా, ఈ గొట్టమే కాబట్టి దాంతోనే కొలిచాం.

పన్నెండు కళ్లను నాలుగేసి చొప్పున మూడు జట్లు చేశాం. బిళ్ల తీశాక మొదటి జట్టును 10 సెకన్లకు, రెండో జట్టును నిమిషానికి, మూడో జట్టును 5 నిమిషాలకు కడగడం మొదలుపెట్టాం. అందరికీ ఒకే 500 మి.లీ.

మొదటి రోజు కడగడం ఆపిన వెంటనే పీహెచ్ స్ట్రిప్ అద్ది చూశాం (పీహెచ్ 7 అంటే తటస్థం, అంకె పెరిగేకొద్దీ క్షారం ఎక్కువ). మూడు జట్లలోనూ 7, 7.5. ఆలస్యం చేసినా తేడా లేదని నోట్‌బుక్‌లో రాసేశాం కూడా. కళ్లను బల్ల మీదే వదిలి టీ తాగడానికి వెళ్లాం. తిరిగొచ్చాక మా విద్యార్థిని ఒకమ్మాయి, స్ట్రిప్పులు మిగిలాయి కదా అని మళ్లీ అద్దింది. ఐదు నిమిషాల జట్టులో స్ట్రిప్ ముదురు ఆకుపచ్చకు తిరిగింది. పొరపాటున పాత స్ట్రిప్ తీసిందేమో అనుకుని నేను ఇంకొకటి తీసి అద్దాను. అదే రంగు.

పైన ఉన్న క్షారం నీళ్లతో పోయింది. కార్నియా లోపలి మందపాటి పొర అయిన స్ట్రోమాలోకి దిగినది మాత్రం మెల్లగా పైకి ఊరుతోంది. చెలమలో నీళ్లు తోడేశాక మళ్లీ ఊరినట్టు. మరుసటి రోజు నుంచి మూడుసార్లు కొలిచాం. సగటున వచ్చినవి:

- 10 సెకన్లకు కడిగినవి: ఆపగానే 7, పది నిమిషాలకు 7.5, అరగంటకు 7.5
- నిమిషానికి కడిగినవి: ఆపగానే 7, పది నిమిషాలకు 8, అరగంటకు 8
- 5 నిమిషాలకు కడిగినవి: ఆపగానే 7.5, పది నిమిషాలకు 9, అరగంటకు 9

మూడో జట్టుకు ఇంకో 500 మి.లీ. పోస్తే, పది నిమిషాల తర్వాత 8. మూడో సీసాకు గానీ 7.5కు దిగి అక్కడ నిలవలేదు. కంటి డాక్టర్లు కడగడం ఆపాక ఐదు పది నిమిషాలు ఆగి మళ్లీ పీహెచ్ చూడాలనేది ఇందుకే. ఆగకుండా చూస్తే స్ట్రిప్ చెప్పేది కంటి పీహెచ్ కాదు, సెలైన్ పీహెచ్.

ఇక్కడ మా తప్పు ఇంకోటి కూడా ఉంది. స్ట్రిప్పును కార్నియా మధ్యలో నొక్కితే పైపొర అంటుకుని ఊడింది. ఆ కన్ను పీహెచ్ కొలతకే కాబట్టి నష్టం లేదు. కానీ తర్వాత కల్చరులో, అంటే పోషక ద్రవంలో బతికించి, పెట్టాలనుకున్న కళ్లకు మాత్రం స్ట్రిప్పును తెల్లగుడ్డు అంచున, నీరు నిలిచే చోట అద్దాలి.

*ఇప్పటిదాకా: కొన్నవి 54, పనికొచ్చినవి 32. ఈ దశ ఖర్చు: కళ్లు 280, సెలైన్ 540, డ్రిప్ సెట్లు 90, పీహెచ్ స్ట్రిప్పులు 350. మొత్తం ₹3,130.*

దశ 4: అసలు సున్నం (8, 9 వారాలు)

పాన్ డబ్బాలో కొన్న తడి సున్నమే వాడాం. సున్నం నీటిలో కరిగేది చాలా తక్కువ. కరిగినంత మేరకు పీహెచ్ 12.4 దాకా వెళ్తుంది. సోడియం హైడ్రాక్సైడ్ అంత లోతుకు ఇది త్వరగా దిగదు, ఎందుకంటే కొవ్వుతో కలిసి ఏర్పడే కాల్షియం సబ్బు నీటిలో కరగదు. ఆ ఊరట ఎక్కువసేపు ఉండదు. ముద్ద కంట్లో ఉన్నంతసేపూ కొద్దికొద్దిగా కరుగుతూ, కొత్త క్షారాన్ని వదులుతూనే ఉంటుంది.

విడి కళ్ల మీద 10 మిల్లీగ్రాముల సున్నం పెట్టి, నిమిషం ఆగి, 500 మి.లీ. సెలైన్‌తో కడిగాం. పది నిమిషాలకు పీహెచ్ 8. ఇంత తేలిగ్గా ఎలా పోయింది? విడి కంటికి రెప్పలు లేవు. సున్నం దాక్కునే చోటే మేం తీసేశాం.

అందుకని కాల్చని రెండు తలకాయలు రెప్పలతో సహా కొన్నాం. అదే మోతాదు, అదే కడుగు. ఈసారి పది నిమిషాలకు పీహెచ్ 10. పై రెప్పను ఇయర్‌బడ్ మీదుగా ఒక మడత తిప్పితే ఏమీ లేదు. రెండో మడత తిప్పితే లోపలి మూలలో బియ్యపు నూకంత తెల్లటి గడ్డ, చుట్టూ పొర పాలిపోయి ఉంది. ఇంకో కంట్లో ముక్కు వైపు మూడో రెప్ప కింద దొరికింది. మనిషికి ఆ మూడో రెప్ప లేదు గానీ పై రెప్ప మూల ఉంది. తడి ఇయర్‌బడ్‌తో ఆ గడ్డలు తీసేసి మళ్లీ కడిగితే పీహెచ్ 7.5, అరగంటకూ అంతే. రెప్ప తిప్పకుండా ఎన్ని సీసాలు పోసినా ఆ నూక కదల్లేదు. రెండు సీసాలు పోసి చూశాం.

నాలుగో కంటికి ఆముదం పరీక్ష పెట్టాను. 10 మిల్లీగ్రాముల సున్నం, దాని మీద రెండు చుక్కల ఆముదం, ఐదు నిమిషాలు ఆగి సెలైన్. నీళ్లు నూనె మీద నుంచి జారిపోయాయి. సున్నం ఆముదంతో కలిసి జిగురు ముద్దై రెప్పకు అతుక్కుంది. అరగంటకు పీహెచ్ 11. ఆ స్ట్రిప్పును నోట్‌బుక్‌లో అతికించాను. ఆ రోజు ఇంకేమీ చేయలేకపోయాను.

ఇప్పుడు పీబీఎస్ సంగతి. ల్యాబుల్లో అన్నిటినీ కడిగే ఫాస్ఫేటు ద్రావణం అది. పీహెచ్‌ను పట్టి ఉంచుతుంది కాబట్టి సెలైన్ కన్నా మేలని అనుకున్నాం. రెండు సున్నపు కళ్లను దాంతో కడిగితే ట్రేలో కారిన నీరు పాలలా అయింది. కార్నియా మీద సన్నటి తెల్లపొర నిలిచిపోయింది, తుడిచినా పోలేదు. ముందు అది గాయమే అనుకున్నాం. తర్వాత కన్ను పక్కన పెట్టి పరీక్షనాళికల్లో సున్నపు తేటతో చూశాం:

1. సున్నపు తేట, సెలైన్: తేటగానే ఉంది.
2. సున్నపు తేట, రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటి ఇంకో డ్రిప్ ద్రవం): తేటగానే ఉంది.
3. సున్నపు తేట, మా బోరు నీళ్లు: కాసేపటికి మసక. నీటిలోని బైకార్బనేటుతో కలిసి కాల్షియం కార్బనేటు అవుతోంది.
4. సున్నపు తేట, పీబీఎస్: పోసీ పోయగానే పాలు. కాల్షియం ఫాస్ఫేటు, అంటే ఎముకలో ఉండే సరుకు జాతిదే.

సున్నం పడిన కంటికి ఫాస్ఫేటు ఉన్న ద్రావణం వద్దని అప్పుడు పెద్ద అక్షరాలతో గోడ మీద రాసుకున్నాం. బోరు నీళ్ల మసక చూసి మాత్రం ఎవరూ నీళ్లకు వెనకాడకండి. దశ 3లో చూసినట్టు, మంచి ద్రావణం వెతుకుతూ పోగొట్టే ఐదు నిమిషాల నష్టం ముందు ఈ మసక లెక్కలోకి రాదు. ఇంట్లో పడితే దొరికిన శుభ్రమైన నీళ్లతో, రెప్పలు విప్పి పట్టి, కనీసం 15 నుంచి 30 నిమిషాలు పోస్తూనే ఉండాలి. ఆ తర్వాతే ఆటో. రెప్ప రెండు మడతలు తిప్పి గడ్డలు తీసే పని డాక్టరుదే, ఇంట్లో చేయకండి.

*ఇప్పటిదాకా: కొన్నవి 68, పనికొచ్చినవి 45. ఈ దశ ఖర్చు: తలకాయలు రెండు 700, విడి కళ్లు 200, రింగర్ లాక్టేట్ 240, సున్నం 10. మొత్తం ₹4,280.*

దశ 5: గాయం మానుతుందా? (10 నుంచి 15 వారాలు)

కార్నియాను తెల్లగుడ్డు అంచుతో సహా కోసి, కింద జెల్ నింపి, పోషక ద్రవంలో పెడితే కొన్ని రోజులు పైకణాలు బతికి ఉంటాయి. గాయం అంచున ఉన్న కణాలు కొన్ని గంటలు సర్దుకుని, చదునై, దుప్పటి లాగినట్టు ఖాళీలోకి జారతాయి. కుందేలు కళ్లలో ఆ వేగం గంటకు దాదాపు 60 మైక్రాన్లని పాత పరిశోధనలు కొలిచాయి. ఆ లెక్కన 6 మి.మీ. గాయం పూడడానికి రెండు రోజులు పట్టాలి.

మేం ఇక్కడ వరుసగా నాలుగుసార్లు ఓడిపోయాం.

బూజు: 6 కార్నియాలు. రెండో రోజుకు దూది పింజలా బూజు. షాపు బల్ల మీది నుంచి వచ్చిన కంటికి యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు. బూజు మందు యాంఫోటెరిసిన్ కూడా కలపాలి.

అయోడిన్: 4 కార్నియాలు. బూజు భయంతో 10 శాతం పోవిడోన్ అయోడిన్‌లో ఐదు నిమిషాలు ముంచాం. బూజు రాలేదు. గాయం చేయని కార్నియాకు రంగు వేస్తే మొత్తం పచ్చగా వెలిగింది. పైపొర మొత్తం మేమే చంపేశాం. గాయం లేని కన్నును పక్కన పెట్టుకోకపోతే ఈ తప్పు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇప్పుడు 1 శాతం, ఒక్క నిమిషం, ఆ తర్వాత మూడుసార్లు సెలైన్.

గులాబీ ద్రవం: 4 కార్నియాలు. కణాలను పెంచే డీఎంఈఎం అనే పోషక ద్రవం పీహెచ్‌ను 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంక్యుబేటరులోనే పట్టి ఉంచుతుంది. మాది మామూలు ఇంక్యుబేటరు. తెల్లారేసరికి ఎర్రటి ద్రవం ముదురు గులాబీకి తిరిగింది, అంటే క్షారమైంది. క్షారపు గాయం మానుతుందా అని చూస్తూ, మేమే క్షారంలో నానబెట్టాం. లీబొవిట్జ్ ఎల్-15 అనే ద్రవం మామూలు గాలికోసమే తయారైనది. దానికి మారాక రంగు నిలిచింది.

వేడి జెల్: 3 కార్నియాలు. 1 శాతం అగరోజ్‌ను వేడిగా పోస్తే అడుగు కణాలు చచ్చి, కార్నియా నీరు తాగి ఉబ్బింది. తక్కువ వేడికి కరిగే రకం వాడి, పసిపిల్లల పాలసీసా చూసినట్టు మణికట్టు మీద చుక్క వేసి చూసి పోస్తున్నాం.

ఇప్పుడు చేస్తున్న వరుస:

1. గాయం, కడుగు, అయోడిన్ ముంచు.
2. చుట్టూ 3 మి.మీ. తెల్లగుడ్డు ఉంచి కోత. లింబస్, అంటే నల్లగుడ్డు తెల్లగుడ్డు కలిసే అంచు, కత్తికి తగలకూడదు.
3. కార్నియాను బోర్లా పెట్టి గిన్నెలో అగరోజ్, గట్టిపడ్డాక వెల్లకిల.
4. ద్రవం లింబస్ దాకా మాత్రమే. పైభాగం గాలికి ఉండాలి.
5. పూటకోసారి పైన రెండు చుక్కల ద్రవం. ద్రవం రోజూ మార్చాలి.
6. 24 గంటలకోసారి ఫ్లోరెసీన్, నీలం టార్చి, ఫోను కెమెరా ముందు పసుపు జిలెటిన్ కాగితం.

ఫోటోలకూ తప్పులున్నాయి. మొదటి 11 ఫోటోల్లో స్కేలు పెట్టలేదు, అన్నీ పారేశాం. రంగు వేసి రెండు నిమిషాలు ఆగితే అది పొర కిందికి పాకి గాయాన్ని పెద్దగా చూపిస్తుంది. వేసి, కడిగి, 30 సెకన్లలో ఫోటో తీయాలి. వైశాల్యం ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలిచాం. ఒకే ఫోటోను ఇద్దరు విడివిడిగా కొలిచి, తేడా 1 చదరపు మి.మీ. దాటితే మళ్లీ కొలవాలి.

మసక కొలవడానికి మాకు పరికరం లేదు. దినపత్రిక ముక్క మీద కార్నియా పెట్టి, కింద ఉన్న 'థ' లోపలి చుక్క కనిపిస్తే 0, చుక్క పోయి అక్షరం కనిపిస్తే 1, అక్షరమే పోతే 2 అని వేసుకున్నాం. ముగ్గురు చూసి చెప్పాలి.

నాలుగేసి కార్నియాల సగటు, చదరపు మి.మీ.లలో, మొదట, 24, 48, 72 గంటలకు:

- బ్లేడుతో గీకిన గాయం: 28.4, 11.2, 0.7, 0. మసక 0
- క్షారం, 10 సెకన్లకు కడుగు: 30.1, 19.6, 9.1, 2.4. మసక 1
- క్షారం, 5 నిమిషాలకు కడుగు: 38.5, 35.2, 29.8, 27.0. మసక 2

మూడో వరుసలో గాయం మొదటి ఫోటోలోనే 38.5 ఉంది. బిళ్ల అదే, చుక్కలు అవే, 30 సెకన్లు అవే. తేడా అంతా బిళ్ల తీశాక ఊరికే గడిచిన ఐదు నిమిషాలది. 72 గంటల ఫోటోలో అంచులు కాస్త లోపలికి కదిలి, అక్కడే చుట్టుకుపోయి ఆగాయి. కణాలకు శక్తి లేక కాదు, అవి నడవాల్సిన నేలే పాడైంది. నాలుగేసి కళ్లతో ఇంతకు మించి చెప్పను. మీరు చేసినప్పుడు పదేసి పెట్టండి.

ఈ పద్ధతి చూపించలేనివి కూడా చెప్పాలి. ఇందులో కన్నీరు లేదు, రెప్ప వాల్చడం లేదు, రక్తనాళాలు, తెల్లరక్తకణాలు, నరాలు లేవు. అన్నిటికంటే పెద్ద లోటు లింబస్ కథ. కార్నియా పైపొరకు ఏళ్ల తరబడి కొత్త కణాలను పంపే మూలకణాలు ఆ అంచులోనే ఉంటాయి. అవి చస్తే మొదట్లో గాయం పూడినట్టు కనిపించినా, తర్వాత తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా కార్నియా మీదికి పాకుతుంది. అందుకే గాయం తీవ్రతను అంచనా వేసే 1965 నాటి రోపర్-హాల్ వర్గీకరణ ఆ అంచు ఎంత పాలిపోయిందో చూస్తుంది. 2001లో కంటి డాక్టరు దువా, అంచును గడియారం ముఖంలా చూసి ఎన్ని గంటల మేర దెబ్బతిందో లెక్కించే పద్ధతి ఇచ్చారు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో వీరేందర్ సంగ్వాన్, ఆయన బృందం 2012లో ప్రకటించిన స్లెట్ శస్త్రచికిత్స కూడా ఈ అంచు మీదే నిలబడింది. బాగున్న కంటి నుంచి చిన్న లింబస్ ముక్క తీసి, దాన్ని చిన్న చిన్న తునకలు చేసి, గాయపడిన కంటి మీద ఉమ్మనీటి సంచి పొర పరిచి నారు నాటినట్టు అతికిస్తారు. ఖరీదైన కల్చర్ ల్యాబు అక్కర్లేదు. మూడు రోజుల మా డబ్బాలో ఆ కథ కనిపించదు.

*ఇప్పటిదాకా: కొన్నవి 104, పనికొచ్చినవి 78. ఈ దశలో 33 మంచి కళ్లలో 17 పోయాయి, 12 పై లెక్కకు, 4 తర్వాతి దశకు. ఖర్చు: కళ్లు 720, ఎల్-15 1,900, మందులు 850, అగరోజ్ 2,600, ఫ్లోరెసీన్ 450. మొత్తం ₹10,800.*

దశ 6: విటమిన్ సి (16వ వారం)

క్షారపు గాయం తర్వాత కంటి లోపలి ద్రవంలో విటమిన్ సి బాగా పడిపోతుందని, తిరిగి ఇస్తే కుందేళ్లలో కార్నియా పుండ్లు తగ్గాయని ఫిస్టర్, పాటర్సన్ అనే పరిశోధకులు 1970లు, 80లలో చూపించారు. మిగిలిన 4 కార్నియాలకు 10 సెకన్ల కడుగు గాయం చేసి, ద్రవంలో విటమిన్ సి కలిపాం. కలిపిన నిమిషంలో ఎల్-15 పసుపుపచ్చగా మారింది. మేం వేసింది ఆస్కార్బిక్ ఆమ్లం. కార్నియాలు పెట్టకముందే గమనించాం కాబట్టి సరిపోయింది. సోడియం ఆస్కార్బేటు తెప్పించి, పీహెచ్ 7.4 చూసుకుని మళ్లీ కలిపాం. గాలిలో అది త్వరగా పాడవుతుంది కాబట్టి రోజూ కొత్తగా కలపాలి.

72 గంటలకు గాయం 2.6. విటమిన్ లేనివి 2.4. తేడా లేదు. విటమిన్ సి పనికిరాదని దీనికి అర్థం కాదు. అది తోడ్పడేది స్ట్రోమాలో కొత్త కొల్లాజెన్ అల్లికకు. మేం కొలిచింది పైపొర పూడడం. కొలబద్దే తప్పు. దీన్ని చూడాలంటే వారాల తరబడి బతికుండే కన్ను కావాలి, అది మా దగ్గర లేదు. ఈ ప్రశ్నను ఇక్కడితో వదిలేశాం.

తర్వాతి పని సున్నాన్ని కల్చరులోకి తేవడం: రెప్పలున్న కంట్లో సున్నం, గడ్డ తీసినవి ఐదు, తీయనివి ఐదు, 72 గంటలు. ఆదివారం పొద్దున ఆరింటికి కాల్చని తలకాయలు ఐదు చెప్పి పెట్టాం. షాపాయన అడ్వాన్సు తీసుకోలేదు.

*ఇప్పటిదాకా: కొన్నవి 104, పనికొచ్చినవి 78. ఈ దశ ఖర్చు: సోడియం ఆస్కార్బేటు 180. మొత్తం ₹10,980.*